చోటు మారిన మాటలు

నా భర్త చనిపోయిన ఏడాదే వానాకాలంలో ఇనుప గనుల ప్రాజెక్టు ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. ఆయన కొండ మీద ఇనుప రాయి జల్లించే ప్లాంటులో పనిచేసేవారు. జ్వరం వచ్చింది. బైలదిల కొండల కింద బతికేవాళ్ళకు మలేరియా కొత్త కాదు. ఆయనకు అంతకుముందు ఎన్నోసార్లు వచ్చి తగ్గింది. ఈసారి మెదడుకెక్కింది. వారం తిరగకుండా మనిషి లేకుండా పోయారు. సర్వీసులో ఉండగా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి ఉద్యోగమిచ్చే పద్ధతి ఉండేది. నేను పెళ్ళికి ముందే టైపు పరీక్షలు పాసయి ఉన్నాను. అందుకని పెద్దగా తిరగకుండానే ఆర్డరు చేతికొచ్చింది.

నేను ఏడవలేదు. మొదట్లో అందరూ ధైర్యం గల మనిషన్నారు. తర్వాత తర్వాత భయపడ్డారు. మా తెలుగు చర్చి ఆడవాళ్ళు సాయంత్రాలు వచ్చి, చాప మీద కూర్చుని, ప్రార్థన చేసి, వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని "ఏడువమ్మా, బరువు దిగుతుంది" అనేవారు. నాకు బరువు కూడా తెలిసేది కాదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఎలా అవుతుందో, మనిషిని మొత్తం అలాగే అయిపోయాను. మా అమ్మ నాకు తోడుగా వచ్చి ఉండిపోయింది. చిన్నపిల్ల అయిన నా కూతుర్ని ఆవిడే చూసుకునేది. నేను పొద్దున్నే లేచేదాన్ని, వండేదాన్ని, ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఏ పనీ ఆగలేదు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరండూల్ లైనుకు రైల్వే పనికి వచ్చినవాడు. నేను రైల్వే క్వార్టర్లలో పెరిగాను. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, సంతలో హల్బీ. అందువల్ల హిందీ టైపు కూడా వచ్చింది. ఆఫీసులో అప్పుడప్పుడే టైపు మిషన్లు పక్కకు జరిపి కంప్యూటర్లు పెడుతున్నారు. ఛత్తీస్‌గఢ్ ఇంకా విడి రాష్ట్రం కాలేదు. కంప్యూటర్ల గదికి మాత్రమే ఏసీ ఉండేది. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. అయినా ఎర్ర దుమ్ము ఎలాగో దూరేది. మౌసు కింద ఉండే బంతిని తీసి తుడిస్తే గుడ్డ ఎర్రబడేది.

మా సెక్షనుకు పెద్ద ఒక హెడ్ క్లర్కు. ఆయన్ని అందరూ బడే బాబు అనేవారు. రీవా వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవారు. నన్ను మొదటిరోజు నుంచీ బేటీ అనే పిలిచారు. పని పద్ధతి ఆయనే చెప్పారు. నేను ఉత్తరం టైపు చేసి ఒక ప్రింటు తీసి ఇవ్వాలి. ఆఫీసరు దాని మీద పెన్నుతో దిద్దుతాడు. నేను మళ్ళీ ఆ ఫైలు తెరిచి, దిద్దిన చోట్ల మాత్రమే మార్చి, రెండో ప్రింటు తీసి సంతకానికి పంపాలి. మొదటి ప్రింటు చింపి బుట్టలో వెయ్యాలి.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత తప్పులు రావడం మొదలైంది.

అక్షర దోషాలు కావు. మాటలు చోటు మారేవి. ఒక టెండరు నోటీసులో పైపుల ముందుండాల్సిన "ఇనుప" అనే మాట వెళ్ళి ఇంజినీరు ముందు కూర్చుంది. ఇనుప ముఖ్య ఇంజినీరు అని అచ్చయింది. సెక్షనంతా నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను. ఇంకో సర్క్యులర్లో "మూసి" అన్న మాట క్యాంటీనును వదిలేసి చివరి వాక్యంలోకి పోయింది. ఒక్కో ఉత్తరంలో ఒక్క మాటే, అక్కడక్కడ రెండు. మిగతాదంతా శుభ్రంగా ఉండేది. అందుకే చదివేవాళ్ళ కంటికి వెంటనే ఆనేది కాదు, సంతకమై బయటికి వెళ్ళిపోయాక తెలిసేది.

"కోయీ బాత్ నహీ, బేటీ" అనేవారు బడే బాబు. ఫరవాలేదులే అని. ఎర్ర పెన్సిలు తీసి గుండ్రంగా చుట్టి నా ముందు పెట్టేవారు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు కూడా ఏమీ అనేవారు కాదు. నేను నీళ్ళ కోసం లేస్తే మాత్రం వెనక మాటలు వినపడేవి. పాపం, ధ్యాస ఎక్కడుంటుంది అని.

నేనూ అదే అనుకున్నాను. అనుకోవడానికి కారణాలు లేకపోలేదు. ఇంట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. సెలవు రోజున పిల్లకు యూనిఫాం తొడిగి బడికి పంపాను. గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చింది. అలాంటి మనిషి చేతి కింద మాటలు చోటు మారితే వింతేముంది? పైగా నాకు అందులో ఒక రకమైన ఊరట ఉండేది. నా లోపల దుఃఖం ఎక్కడో ఉందనీ, కళ్ళలోంచి రాలేక వేళ్ళలోంచి వస్తోందనీ అనుకునేదాన్ని. అంటే ఆయన పోయినందుకు నాకు బాధ ఉన్నట్టే కదా అని.

చలికాలం మొదట్లో ఒకరోజు ఇద్దరు మనుషులు మా సెక్షనుకు వచ్చారు. సన్నగా, నల్లగా, నీలం చీర కట్టుకున్న ఒకావిడ, ఆవిడ మరిది. ఊరు గొల్లపల్లి, కొంటా వైపు. ఆవిడ భర్త మా ప్రాజెక్టులోనే లోడింగులో పనిచేసి, గుండె ఆగి పోయాడు. ఆయన పెన్షను ఆవిడకు వచ్చేలా పై ఆఫీసుకు మేము ఒక ఉత్తరం రాశాం. దాని నకలు ఆవిడకు వెళ్ళింది. మరిది ఆ కాగితం బడే బాబు బల్ల మీద పెట్టి హిందీలో గట్టిగా అడిగాడు.

"బతికున్న మనిషి పేరు ముందు స్వర్గీయ అని రాస్తారా? మా వదినకి పెన్షను ఎగ్గొట్టడానికా?"

బడే బాబు కాగితం తీసుకుని చదివారు. చదివి నా వైపు చూశారు. నేను లేచి వెళ్ళి చూశాను. భర్త పేరు ముందు ఉండాల్సిన "స్వర్గీయ" అక్కడ లేదు. భార్య పేరు ముందు ఉంది.

బడే బాబు మరిదికి నచ్చజెబుతున్నారు. ఆ ఆడమనిషి వాళ్ళ మాట వినడం లేదు. నన్నే చూస్తోంది. నేను తెలుగుదాన్నని ఎవరు చెప్పారో మరి, నేరుగా తెలుగులోనే అడిగింది.

"నువ్వేనా అమ్మా రాసింది?"

"నేనే."

"నేను సచ్చినట్టు రాసినవంట గదా. ఏంది మరి? నేను గూడ పోయిన్నా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"తప్పయిందమ్మా. ఇప్పుడే మళ్ళీ రాసిస్తాను" అన్నాను.

ఆవిడ నా నుదుటి వైపు, ఖాళీ చేతుల వైపు చూసింది.

"నీ పెనిమిటి గూడ లేడా?"

"లేరు."

"అయితే ఏం గాదులే. అట్లనే అయితది" అని మరిది భుజం తట్టి ఊరుకోబెట్టింది.

కొత్త ఉత్తరం టైపు చేశాను. ఈసారి బడే బాబు పక్కన కూర్చున్నారు. నేను ఒక్కో మాట మీద వేలు పెట్టి పైకి చదివాను, ఆయన విన్నారు. సరిగ్గా ఉంది. అప్పటికప్పుడు ప్రింటు తీసి, సంతకం చేయించి, వాళ్ళకో నకలిచ్చి, ఇంకో నకలు ఆఫీసు ఫైల్లో పెట్టాం. వాళ్ళు దంతెవాడ బస్సు కోసం వెళ్ళిపోయారు.

సాయంత్రం బడే బాబు నన్ను పిలిచి, కుర్చీ చూపించి, చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "కొన్నాళ్ళు డిస్పాచ్‌లో కూర్చో, బేటీ. కవర్లు అంటించడం, ముద్రలు వెయ్యడం. తల తేలిగ్గా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను. మర్నాటికే మారిపొమ్మన్నా మారిపోయేదాన్ని. కానీ నా బల్ల తీసుకోవాల్సిన టైపిస్టు సెలవులో ఉంది. ఆవిడ వచ్చేదాకా ఉండమన్నారు.

ఆ మధ్య రోజుల్లోనే పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. గొల్లపల్లి ఆవిడ ఉత్తరం ఇంకో కాపీ కావాలట. నేను ఫైలు తెరిచి ప్రింటు కొట్టాను. ఇవ్వబోతూ చదివాను. ఈసారి "పెన్షన్" అనే మాట పోయి ఊరి పేరు పక్కన నిలబడింది. గొల్లపల్లి పెన్షన్ నివాసి అని.

అలా చూస్తూ కూర్చున్నాను. నేను ఈ ఉత్తరాన్ని ముట్టుకోలేదు. ఒక్క అక్షరం మీట కూడా నొక్కలేదు. తెరిచాను, ప్రింటు తీశాను, అంతే. ఆఫీసు ఫైల్లోంచి సంతకం చేసిన నకలు తెచ్చి పక్కన పెట్టుకున్నాను. అందులో పెన్షన్ ఉండాల్సిన చోటే ఉంది. కంప్యూటర్లో ఫైలు మూసి మళ్ళీ తెరిచాను. ఏమీ కదల్లేదు. మళ్ళీ మూసి తెరిచాను. "నివాసి" పైవాక్యంలోకి వెళ్ళిపోయింది. ఆ ప్రింట్లన్నీ తీసుకుని బడే బాబు దగ్గరికి వెళ్ళి, "ఇది నేను చెయ్యడం లేదండి" అన్నాను.

ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. కంప్యూటరు ముందు ఆయన ఎప్పుడూ కూర్చునేవారు కాదు. కూర్చోబెట్టి మౌసు చేతికిచ్చాను. ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆయన తెరిచారు, మూశారు, తెరిచారు. రెండు మూడుసార్లకు ఆయన చేతి కిందే ఒక మాట చోటు మారింది. మౌసు వదిలేశారు.

"నీ ధ్యాస లేకనే తప్పులని నేనూ అనుకున్నాను, బేటీ" అన్నారు. అందరూ అనుకున్నదే కదా.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ చేస్తున్న పని ఆపేసి కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది.

"ఏటే గుంటా, ఇన్నాళ్ళూ అదేటి? నీ బుర్రకేటో అయిపోనాదని నేను దేవుడికి మొక్కని పూట లేదే. ఏటీ కాలేదన్నమాట."

"ఏమీ కాలేదమ్మా."

"మరి అలా ఉన్నావేటి? సంతోషం కాదా?"

సంతోషం కాదు. అమ్మకు ఆ మాట చెప్పలేదు. వేళ్ళలోంచి వస్తోందనుకున్న దుఃఖం కూడా నాది కాదని తేలిపోయింది. ఇక నా దగ్గర ఏముంది? ఆ పూట అన్నం తిని, పిల్ల జడలు విప్పి దువ్వి, పడుకున్నాను.

కంప్యూటర్లు చూసే ఇంజినీరు విశాఖపట్నం నుంచి వచ్చేవాడు. కబురు పెడితే ప్యాసింజరు బండిలో వచ్చాడు. చిన్నవాడు, సంచీ నిండా ఫ్లాపీలు. నా మిషను ముందు కూర్చుని కాసేపు చూసి, "మాక్రో వైరస్సండి ఇది" అన్నాడు.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. చెప్పాడు. ఉత్తరాలు రాసే ప్రోగ్రాములో, పని సులువు కావడానికి, ఉత్తరం లోపలే చిన్న చిన్న ఆదేశాలు దాచిపెట్టుకునే వీలు ఉంటుందట. అవి పైకి కనపడవు. ఎవడో దాన్ని అడ్డం పెట్టుకుని ఒక దుర్మార్గపు ఆదేశం రాశాడు. అది ఉన్న ఉత్తరాన్ని ఒక్కసారి తెరిస్తే చాలు, మన మిషన్లో ప్రతి ఉత్తరానికీ మూసగా ఉండే నమూనా ఫైల్లోకి చేరి కూర్చుంటుంది. ఆ తర్వాత ఆ మిషను మీద తెరిచిన ప్రతి ఉత్తరానికీ అంటుకుంటుంది. ఆ ఉత్తరం ఫ్లాపీలో ఇంకో ఆఫీసుకు వెళ్తే అక్కడికీ పోతుంది.

"అది చేసేది ఏమిటి?"

"ఉత్తరం తెరిచినప్పుడు ఒక్కోసారి ఒక మాట తీసి ఇంకోచోట పెడుతుందండి. అంతే."

"ఎందుకు?"

అతను భుజాలు కదిపాడు. "ఎందుకంటే ఏం చెప్తామండి. ఎవడో సరదాకి రాసుంటాడు. మీరేం తప్పు చెయ్యలేదండి. మీరొక్కరే రోజంతా హిందీ, ఇంగ్లీషు ఉత్తరాలన్నీ తెరుస్తుంటారు కదా, అందుకే మీ దగ్గర ఎక్కువ కనపడింది. మిగతా మిషన్లలోనూ ఉంది."

సరదాకి అన్న మాట దగ్గర ఆగాను. కోపం రావాల్సింది. రాలేదు.

అతను మిషన్లన్నీ శుభ్రం చేశాడు. వైరస్సును పట్టే ప్రోగ్రాము ఎక్కించాడు. చివర్లో నేను అడిగాను: "ఇక పాత ఉత్తరాలన్నీ సరయినట్టేనా?"

"లేదండి. వైరస్సు పోతుంది గానీ, కదిలిన మాటలు వెనక్కి రావు. ఏది ఎక్కణ్ణుంచి కదిలిందో మిషనుకు తెలీదు."

ఆ పని నాకే వచ్చింది. డిస్పాచ్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చలికాలమంతా నేను పాత ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి, సంతకమైన కాగితాలతో పోల్చి, తప్పిపోయిన మాటల్ని వెతికి వాటి చోట్లో పెట్టాను. కొన్నింటికి సరైన కాగితం దొరికేది కాదు. అప్పుడు వాక్యం చదివి, ఎక్కడ ఉంటే అర్థం కుదురుతుందో అక్కడ పెట్టేదాన్ని. మనసు పెట్టాల్సిన పని కాదు. కళ్ళుంటే చాలు. నాకు సరిపోయింది.

ఇంజినీరు వెళ్ళేముందు బడే బాబునూ, పెద్దాఫీసర్నూ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. బయటి ఫ్లాపీ ఏదైనా సరే, ముందు ఒకే ఒక మిషన్లో పరీక్ష చెయ్యాలి. ఆ మిషను మీద వేరే పనేదీ చెయ్యకూడదు. ఉత్తరం తెరిచేటప్పుడు, ఇందులో మాక్రోలు ఉన్నాయి, అనుమతిస్తారా అని తెర మీద వస్తే వద్దనే నొక్కాలి. బయటికి పంపేవి మాక్రోలు పట్టని రకం ఫైలుగా భద్రపరిచి పంపాలి. చదవడానికి మాత్రమే ఇచ్చే ఫ్లాపీలకు మూల ఉండే చిన్న మీట జరిపి, దాని మీద ఏదీ రాయడానికి లేకుండా చెయ్యాలి. వైరస్సులు కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి పట్టే ప్రోగ్రామును కూడా కొత్తది తెప్పించుకుంటూ ఉండాలి. ఇవన్నీ చూడ్డానికి ఒక మనిషి కావాలన్నాడు. బడే బాబు నా పేరు చెప్పారు.

తలుపు పక్కన ఒక బల్ల వేసి, పాత కంప్యూటరు ఒకటి పెట్టారు. లోపలికి వచ్చే ఫ్లాపీ నా చేతికి ఇవ్వాలి. నేను పరీక్ష చేసి, శుభ్రంగా ఉంటే ఆకుపచ్చ చుక్క అంటించి ఇచ్చేదాన్ని.

ఎవరికీ నచ్చలేదు. "ఉత్తరమే కదమ్మా, ప్రోగ్రాం కాదుగా, ఉత్తరానికి రోగమేమిటి?" అనేవారు. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పేదాన్ని. విసుగు వచ్చేది కాదు. ఒకాయన నేను భోజనానికి వెళ్ళినప్పుడు నేరుగా తన మిషన్లో పెట్టుకున్నాడు. వారంలోగా మళ్ళీ మాటలు కదిలాయి. మళ్ళీ అన్నీ శుభ్రం చేశాం. నేను ఆయన్ని ఏమీ అనలేదు. అది చూసి ఆయనే బిడియపడ్డాడు. ఆ తర్వాత ఫ్లాపీ రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చేవాడు.

ఒకసారి మాత్రం కాస్త పెద్ద గొడవే అయింది. నెలాఖరు ఉత్పత్తి నివేదిక హైదరాబాదు పంపాలి. మనిషి విశాఖపట్నం బండి ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. పెద్దాఫీసరు తన గదిలోని మిషను మీద తయారు చేసిన ఫ్లాపీ అది. పరీక్ష చేస్తే వైరస్సు ఉంది. వేరేది, పేరు వేరు. ఆయనకు చెప్పాను.

"ఇప్పుడు టైము లేదు. పంపెయ్" అన్నాడు హిందీలో.

"పంపకూడదు సార్. అక్కడి మిషన్లకు అంటుకుంటుంది."

"అది వాళ్ళు చూసుకుంటారు."

"శుభ్రం చేసి ఇస్తాను. కాసేపు పడుతుంది."

"బండి వెళ్ళిపోతే నువ్వు జవాబు చెప్తావా?"

"చెప్తాను సార్."

గదిలో అందరూ తలలు వంచుకున్నారు. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నేను ఫ్లాపీ ఇవ్వలేదు, చూపూ దించలేదు. శుభ్రం చేసి, అంకెలన్నీ కాగితంతో సరిచూసి, ఆకుపచ్చ చుక్క అంటించి ఇచ్చాను. మనిషి పరుగెత్తి బండి అందుకున్నాడు. ఆ తర్వాత ఆఫీసులో నన్ను గట్టి మనిషి అన్నారు. గట్టితనం కాదు. భయపడే చోటు నాలో పనిచెయ్యడం లేదు. ఏం చేస్తారు, తీసేస్తారా, తీసేస్తే ఏమిటి అనిపించింది. మా అమ్మకు తెలిసి, కూతురి ముఖమైనా చూడవా అని తిట్టింది. అప్పుడు నిజమే కదా అనిపించింది. ముందు తట్టలేదు.

మరుసటి వేసవిలో గొల్లపల్లి ఆవిడకు కూడా భర్త ఉద్యోగం కింద అటెండరు పని ఇచ్చారు. మా సెక్షన్లోనే వేశారు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. భోజనాల దగ్గర నా పక్కన వచ్చి కూర్చుంది.

నేను చెప్పాల్సింది చెప్పాను. "ఆ రోజు నీ పేరు ముందు వచ్చిన మాట నేను రాసింది కాదు. కంప్యూటర్లో ఒక పురుగు లాంటిది చేరింది. అది మాటల్ని జరిపింది."

"ఈ పెట్టెల పురుగున్నదా?"

"పురుగంటే పురుగు కాదు. ఎవరో దొంగచాటుగా పెట్టిన ఆదేశం."

"మరి ఆ రోజు తప్పయిందని ఎందుకన్నవు?"

"అప్పటికి నాకూ తెలీదు."

"తెల్వకుండనే నీ మీద ఏసుకున్నవా?" అని నవ్వింది. "మంచిగున్నది అక్కా. నేను గూడ ఊర్ల గట్లనే. మొగుడు సచ్చిండంటే నా నడక మంచిది గాదన్నరు. అవునేమో అనుకున్న."

ఆవిడకు చదువు రాదు. ఫ్లాపీలు అందరి దగ్గర్నుంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టేది, తీసుకెళ్ళి ఇచ్చేది. చుక్క లేని ఫ్లాపీ ఎవరి చేతిలో కనపడినా అడిగి తీసుకొచ్చేది. ఆవిడ ఇంట్లో మాట్లాడే మాట దోర్లీ. నాతో కొంటా వైపు తెలుగు, బడే బాబుతో హిందీ, సంతలో గోండీ. ఏ మాటలోనైనా భర్త గురించి చెప్పేది. ఆయన తాగి వచ్చి మంచం కోడు విరగ్గొట్టడం, పులుసులో చేపముల్లు గుచ్చుకుంటే అర్ధరోజు ఏడవడం, అన్నీ. చెబుతూ ఏడ్చేది, మధ్యలో నవ్వేది, ముక్కు తుడుచుకుని లేచి పనికి వెళ్ళేది. నాకు వినడం ఇష్టంగా ఉండేది. నా వైపు నుంచి చెప్పేది ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీలు కుయ్ కుయ్ అని కాసేపు అరిచి ఆగిపోయాయి. మిషన్లన్నీ నల్లబడ్డాయి. కిటికీ బయట రోడ్డు మీద ఎర్ర నీళ్ళు పారుతున్నాయి. పని లేదు. ఆవిడ నా బల్లకు ఆనుకుని కింద కూర్చుని, వేయించిన ఇప్పపువ్వు పొట్లం విప్పింది.

"అక్కా, నీ పెనిమిటి ఎట్లుండెటోడు?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అలా అడగలేదు. ఎలా పోయారని అడిగారు. పిల్లనెలా పెంచుతావని అడిగారు. చర్చి ఆడవాళ్ళయితే ఆయన మంచివాడని వాళ్ళే చెప్పి వెళ్ళారు.

"ఏముంది, మామూలు మనిషి" అన్నాను.

"మామూలంటే ఏంది?"

"పచ్చిమిరపకాయ కొరుక్కోకుండా అన్నం తినేవారు కాదు" అన్నాను. "డ్యూటీ నుంచి వచ్చాక ముఖం కడిగేవారు గానీ చెవుల వెనక ఎర్ర దుమ్ము ఉండిపోయేది. నేను కొంగు తడిపి తుడిచేదాన్ని. చక్కిలిగింతలని పారిపోయేవారు. అంత పెద్ద మనిషి."

"అబ్బ" అంది ఆవిడ. "ఇంక?"

ఇంకా చెప్పాను. ఏం చెప్పానో అన్నీ ఇప్పుడు గుర్తులేవు. చెబుతుండగా నా గొంతు మామూలుగానే ఉంది. ముఖం మాత్రం తడిగా ఉందని, ఆవిడ తన కొంగు అందిస్తేనే తెలిసింది. అంతకంటే ఏమీ జరగలేదు. కరెంటు వచ్చింది. ఆవిడ పొట్లం మడిచి లేచింది. నేను మిషన్లు ఒక్కొక్కటే తిరిగి వేశాను.

ఆ సాయంత్రం పిల్లకు జడ వేస్తూ, మీ నాన్న చెవుల వెనక సరిగ్గా కడుక్కునేవారు కాదు అన్నాను. వెంటనే అది చెయ్యి పెట్టి తన చెవుల వెనక తడుముకుంది. మా అమ్మ వంటింట్లో గరిటె ఆపింది. పిల్ల ఇంకా ఏం చేసేవారని అడిగింది. గుర్తొచ్చినంత వరకు చెప్పాను.

ఫ్లాపీల బల్ల కొన్నేళ్ళు నడిచింది. తర్వాత మిషన్లన్నిటినీ తీగలతో కలిపారు. ఉత్తరాలు ఈమెయిల్లో రావడం మొదలైంది. ఉత్తరాల ప్రోగ్రాములే మాక్రోలను వాటంతటవి ఆపడం నేర్చుకున్నాయి. విశాఖపట్నం నుంచి చదువుకున్న కుర్రవాళ్ళు ఉద్యోగాలకు వచ్చి ఆ పని తీసుకున్నారు. నేను మళ్ళీ టైపు బల్లకు వెళ్ళాను. బడే బాబు రిటైరై రీవా వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు పండగలకు కార్డు వేసేవారు, తర్వాత రాలేదు.

గొల్లపల్లి ఆవిడ ఊరికి వెళ్ళడం ఏటేటా కష్టమైంది. దారుల్లో మందుపాతరలు, కాల్పులు మొదలయ్యాయి. చివరికి వెళ్ళడం మానేసి ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకుంది. నేను రిటైరయ్యాక కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళింటికి వెళ్తాను. చేపల పులుసు చేస్తుంది. మేం ఎక్కువ మాట్లాడుకోం. తిన్నాక అరుగు మీద ఇద్దరం కాళ్ళు చాపుకుని కూర్చుంటాం. ఎండ తగ్గాక నేను ఇంటికి వస్తాను.